గోల్‌కీపర్ కోసం హాట్‌లిస్ట్

అమెరికాలోని నోవైలో మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే కనిపించేవి రెండే: కార్ల పార్కింగ్, దాని అంచున ఎండాకాలం వచ్చినా కరగనని మొండికేసిన మంచు గుట్ట. ఆ గుట్ట కింద మా పాత మేనేజరొకడు కారుతో సహా ఉన్నాడని కొత్తగా చేరిన పిల్లలకి చెప్పేవాణ్ణి. కొందరు నమ్మారు. ఒకమ్మాయి అటు పక్క పార్క్ చేయడం మానేసింది కూడా. ఆ కిటికీ పక్కన కూర్చునే నేను సముద్రానికి అవతల, ఇంగ్లండ్‌లో ఉన్న ఒక ఫుట్‌బాల్ క్లబ్బుని నిలబెట్టాను. ‘నేను’ అనడం కొంచెం ఎక్కువే. నిలబెట్టింది వేరొకరు. నేను ఆ పక్క కుర్చీలో ఉన్నాను. ఉద్యోగం మానేసినవాడికి ఆ మాత్రం దగ్గరితనం చాలు, కథంతా తనదేనని చెప్పుకోవడానికి.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మీకు ఇది ఎందుకు చెబుతున్నానో చివరికి మీకే తెలుస్తుంది. తెలియకపోయినా నష్టం లేదు, కథ బావుంటుంది.

మా యజమానిని అందరూ పెద్దాయన అనేవాళ్ళం. కారు సీటు ముందుకీ వెనక్కీ జరగడానికి కింద పట్టాలుంటాయి చూడండి, అవి తయారుచేసి బాగుపడ్డ మనిషి. ఒకసారి భార్యతో ఇంగ్లండ్ చూడబోయి, వానలో ఒక మ్యాచ్ చూసి, ఆ క్లబ్బునే కొనుక్కొచ్చాడు. జనం ఊరెళితే కీచెయిన్ కొనుక్కొస్తారు. ఈయన పదకొండుమందినీ, వాళ్ళు తడిసే మైదానాన్నీ కొన్నాడు.

నేనప్పుడు కాస్టింగ్ డిపార్ట్‌మెంట్‌లో సీటు పట్టాల ఖర్చులు చూసేవాణ్ణి. ఒకరోజు పిలిచి అడిగాడు.

“నువ్వు ఇండియా నుంచి కదా వచ్చావు. ఈ సాకర్ ఆట నీకు తెలిసే ఉంటుంది.”

అమెరికా బయట పుట్టినవాళ్ళందరికీ ఆ ఆట పుట్టుకతోనే వస్తుందని ఆయన నమ్మకం. “రక్తంలోనే ఉంది సార్,” అన్నాను. మా ఒంగోలు వైపు రక్తంలో ఉన్నది కబడ్డీ, కాస్తంత షుగరూ. అయినా సోమవారం నుంచి క్లబ్బు జీతాల వ్యవహారం నా టేబుల్ మీదికొచ్చింది.

మొదటి రెండేళ్ళు బాగానే గడిచాయి. మూడో ఏడు మా జట్టు పై లీగ్‌లో అట్టడుగున తేలింది. ఇక్కడి ఆటల్లో అట్టడుగున ఉండటం ఒక విధంగా భోగం. వచ్చే ఏడాదీ అదే లీగ్‌లో ఉంటావు, పైగా కాలేజీల నుంచి వచ్చే కొత్త కుర్రాళ్ళలో మంచివాణ్ణి ముందు నిన్నే ఎంచుకోమంటారు. అక్కడ అలా కాదు. అడుగున ఉన్నవాళ్ళని కింది లీగ్‌కి దించేస్తారు. ఈ మాట పెద్దాయనకి చెప్పాను.

“సరే, ఎవరితో మాట్లాడితే ఇది ఆగుతుంది?”

“ఎవరితోనూ ఆగదు సార్.”

“అప్పీల్?”

“లేదు సార్.”

“అంత డబ్బు పోసి కొన్నాక, నా జట్టుని నా లీగ్‌లోంచి తీసేస్తారా?”

“తీసేశారు సార్. నిన్ననే.”

అసలు చిక్కు ఆ తరవాత మొదలైంది. పై లీగ్‌లో టీవీవాళ్ళిచ్చే డబ్బు కుండపోత. కిందికొస్తే అది తుంపర. ఆటగాళ్ళ జీతాలు మాత్రం కుండపోత రోజుల్లో రాసుకున్నవే. ఇలాంటప్పుడు క్లబ్బులు అప్పులు చేసి జీతాలిచ్చి మునిగిపోయేవట. అందుకని కింది లీగ్‌వాళ్ళొక నిబంధన పెట్టారు: ఆటగాళ్ళ జీతాలు క్లబ్బు రాబడిలో ఫలానా వంతు దాటకూడదు. దాటితే, మళ్ళీ తగ్గేదాకా కొత్త ఆటగాణ్ణి ఒక్కణ్ణి కూడా నమోదు చేయనివ్వరు. నమోదు లేనివాడు మైదానంలో కాలు పెట్టకూడదు. మంచి నిబంధనే. పోలీసు మన కారు ఆపనంతవరకూ స్పీడ్ లిమిట్ కూడా మంచిదే కదా.

మేము దాటాం. బాగా దాటాం. మామీద నిషేధం పడింది.

అప్పటికి మాకు గోల్‌కీపర్ లేడు. ఉన్నవాడు వేసవిలోనే వేరే క్లబ్బుకి వెళ్ళిపోయాడు. రెండోవాడికి ప్రాక్టీసులో భుజం విరిగింది. కోచ్ ఎక్కడెక్కడో వెతికి ఒక కుర్రాణ్ణి పట్టుకొచ్చాడు. తాటిచెట్టంత పొడుగు, పాత క్లబ్బు పైసా అడక్కుండా బదిలీకి ఒప్పుకుంది, మా దగ్గరికొస్తానన్నాడు. భార్యనీ చంటిబిడ్డనీ తీసుకుని ఆ ఊళ్ళో ఇల్లు కూడా అద్దెకి తీసుకున్నాడు. రోజూ వచ్చి ప్రాక్టీసు చేసేవాడు. మ్యాచ్ రోజు మాత్రం ప్రేక్షకుల్లో కూర్చునేవాడు. గోల్‌లో నిలబడేది మా గోల్‌కీపింగ్ కోచ్, ఎప్పుడో మోకాళ్ళరిగి ఆట మానేసిన పెద్దమనిషి, మేము మోకాళ్ళ మాస్టారనేవాళ్ళం, పేరు మాత్రం ఇంకా నమోదులో ఉంది.

“ఆయన కిందపడితే లేవడానికి ఇద్దరు కావాలి,” అన్నాడు జట్టు కోచ్ వీడియో కాల్‌లో. “వాళ్ళిద్దరూ ఆయన్ని లేపుతుంటే అవతలివాళ్ళు ఇంకో గోల్ కొడుతున్నారు.”

సీజన్ మొదలైన దగ్గర్నుంచీ ప్రతి మ్యాచూ ఓడాం. కొత్తవాళ్ళ నమోదుకి ఇచ్చే గడువుని అక్కడ కిటికీ అంటారు; ఆగస్టు చివర్లో దాన్ని మూసేస్తారు, మళ్ళీ తెరిచేది జనవరిలోనే. ఆలోపు జీతాలు దించి కుర్రాణ్ణి నమోదు చేయకపోతే జనవరి దాకా మోకాళ్ళ మాస్టారే గతి. జనవరి నాటికి మేము ఇంకో లీగ్ కిందికి సిద్ధం. పెద్దాయన ఒక్క మాటన్నాడు: “గోల్‌కీపర్ రాకపోతే క్లబ్బు అమ్మేస్తాను. ఎవడొస్తే వాడికి.” ఎవడొస్తే వాడు అంటే ఎవరో మాకు తెలుసు. ఆ మైదానం పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టడానికి ఒకాయన అప్పటికే టేపు పెట్టి కొలుస్తున్నాడు.

జీతాలు దించడానికి మావాళ్ళు చేసిన మొదటి పని, కార్ల పరిశ్రమలో ఎప్పుడూ చేసే పనే: క్లబ్బులో టీ ఆపేశారు. ఇంగ్లండ్‌లో ఊరికి మంచినీళ్ళు ఆపినా ఊరుకుంటారేమో గాని టీ ఆపకూడదు. గడ్డి కోసే ముసలాయన దగ్గర్నుంచి టికెట్లమ్మే ఆవిడ దాకా బోర్డులు పట్టుకుని గేటు ముందు నిలబడ్డారు. ఆ నిబంధన చూసేది ఆటగాళ్ళ జీతాలే కాబట్టి, టీ ఆపి మేము తగ్గించింది సున్నా.

రెండో పని మా జీఎం, అంటే జనరల్ మేనేజర్, చేశాడు. ఆయన కుర్రతనంలో ఇక్కడి ఫుట్‌బాల్, అదే హెల్మెట్లు పెట్టుకుని కుమ్ముకునేది, ఆడినవాడు. తలుపులోంచి పక్కకి తిరిగి వచ్చేవాడు. ఆయన చేతిలో కాఫీ మగ్గు దగ్గుమందు మూతలా ఉండేది. ఇక్కడి ఆటలో జట్టు ఒకణ్ణి తీసేస్తే, చాలాసార్లు, వాడి జీతం కూడా లెక్కలోంచి పోతుంది. ఆ అలవాటు కొద్దీ ఎక్కువ జీతాలున్న ముగ్గురిని, ఒక డిఫెండర్‌ని, ఒక మిడ్‌ఫీల్డర్‌ని, ఒక స్ట్రైకర్‌ని, ‘మీ సేవలు చాలు’ అని ఈమెయిల్ కొట్టి, పత్రికలకి కూడా చెప్పేసి, చేతులు దులుపుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

“ఎంత తగ్గింది?”

“ఏమీ తగ్గలేదు. అక్కడ ఒప్పందం ఉన్నన్నాళ్ళూ జీతం ఇవ్వాల్సిందే, లెక్కలోకి రావాల్సిందే. ఇప్పుడు వాళ్ళు ఇంట్లో కూర్చుని తీసుకుంటారు. అంతే తేడా.”

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ మూలిగింది.

“వేరే క్లబ్బులకి అమ్మేద్దాం.”

“మనకి అక్కర్లేదని పేపర్లో వేశాం. ఇక ఎవరు కొంటారు? గడువు దగ్గరపడితే ఉత్తపుణ్యానికి వస్తారని కూర్చుంటారు.”

ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో ఆరాధన చివర్లో ప్రార్థన అవసరతలు చెప్పుకునే వేళ, పాస్టర్‌గారు “ఇంకెవరైనా?” అన్నారు. నేను లేచాను. ఒకాయన గ్రీన్ కార్డు గురించీ, ఒకావిడ కాన్పు గురించీ చెప్పాక నా వంతు.

“ఒక గోల్‌కీపర్ కోసం ప్రార్థించండి.”

పాస్టర్‌గారు కళ్ళజోడు సర్దుకున్నారు. “ఏ ఊరు కుటుంబమయ్యా?”

“మనవాళ్ళు కాదండి. ఇంగ్లండ్‌లో.”

“ఒంట్లో బాలేదా?”

“బ్రహ్మాండంగా ఉన్నాడండి. అదే బాధ.”

అందరూ అయోమయంగానే కళ్ళు మూసుకుని ప్రార్థించారు. తరవాత హాల్లో భోజనాల దగ్గర చికెన్ వడ్డిస్తూ ఒకామె నన్ను పట్టుకుంది. కరీంనగర్ మనిషి, ఒక కన్సల్టెన్సీలో బెంచ్ సేల్స్ చూస్తుంది. ఆ పని తెలియనివాళ్ళకి చెబుతాను. మన ఐటీ కుర్రాళ్ళు ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరకని రోజుల్లో ‘బెంచ్ మీద’ ఉంటారు. వాళ్ళ జీతం కన్సల్టెన్సీకి బరువు. అందుకని వాళ్ళందరి వివరాలతో హాట్‌లిస్ట్ అని ఒక జాబితా చేసి, దేశమంతా మెయిల్స్ కొట్టి, ఫోన్లు చేసి, ఏదో ఒక క్లయింట్ దగ్గర కూర్చోబెట్టేదాకా నిద్రపోని వాళ్ళే బెంచ్ సేల్స్‌వాళ్ళు. ఈమె అందులో ఆరితేరింది. బెంటన్‌విల్ అనే ఊళ్ళో ఒక మేనేజరు ఈమె ఫోన్లు తట్టుకోలేక నెంబర్ మార్చుకుంటే, కొత్త నెంబరుకి మొదటి కాల్ ఈమెదేనట.

“ఏంది అన్నా ఆ గోల్‌కీపర్ ముచ్చట?”

చెప్పాను. గరిట పట్టుకునే మొత్తం విన్నది.

“అంటే ముగ్గుర్ని బెంచ్ మీద కూసోబెట్టి ఫుల్ జీతమిస్తున్నరు.”

“అంతే.”

“వేరే టీమ్‌కి కొన్నిరోజులకి ఇయ్యరాదా? కాంట్రాక్ట్ మన దగ్గర్నే ఉంటది, జీతం వాళ్ళిస్తరు.”

“ఇవ్వొచ్చు. లోన్ అంటారు. వాళ్ళెంత ఇస్తే అంత మన లెక్కలోంచి పోతుంది.”

“మరి ఎంతమందికి ఫోన్ చేసిన్రు?”

మావాళ్ళు ఎవరికీ చేయలేదు. పెద్ద మనుషులు కదా, ఎవరైనా చేస్తారేమోనని ఎదురుచూస్తున్నారు.

“ఇది నేను రోజూ చేసే పనే కదా అన్నా! గీ మాత్రం దానికి ప్రభువుని ఎందుకు తిప్పలపెట్టినవ్?”

మర్నాడు ఆమెని పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమెకి ఆ ఆట గురించి ఏమీ తెలియదని నిజమే చెప్పాను. “నాకు మాత్రం ఏం తెలుసు?” అని ఆయన ఆ పూటే పనిలో పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి హాట్‌లిస్ట్ తయారు. ముగ్గురి పేర్లు, ఫోటోలు, కింద ‘వెంటనే చేరగలరు, ఏ ఊరికైనా వస్తారు’. నేను చదివి ఉలిక్కిపడ్డాను.

“చెల్లెమ్మా, ఈ డిఫెండర్‌కి ఇరవై నాలుగేళ్ళు. పదిహేనేళ్ళ అనుభవం అని వేశావేంటి?”

“గంతే వేస్తం గదన్నా మనం.”

“వీడు ఎప్పుడు ఏం ఆడాడో ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు తల్లీ. టీవీలో వచ్చింది.”

“అయ్యో, వెరిఫికేషన్ ఉంటదా?” అని బాధపడుతూ తీసేసింది.

తరవాతి రోజుల్లో మా ఆఫీసు మీద తేనెటీగలు వాలినట్టుండేది. ఇంగ్లండ్, స్కాట్లండ్, మేము పటంలో వెతుక్కున్న ఊళ్ళు, ఆమె ఫోన్ చేయని క్లబ్బు లేదు. ఫోనెత్తినవాడు తప్పించుకుపోయేవాడు కాదు. “ఇవాళ మధ్యాహ్నం ఇంకో క్లబ్బుతో మాట్లాడుతున్నరు, మీరు ఇప్పుడు చెప్తే ఇప్పుడే ఆపుత,” అనేది ఇంగ్లీషులో, కరీంనగర్ ధాటితో.

“ఇంకో క్లబ్బు ఉందా?” అని నేను గుసగుసగా అడిగితే, ఫోన్ మీద చెయ్యి పెట్టి, “ఇంకో అరగంటల ఉంటది,” అనేది. ఉండేది కూడా!

ఉత్తపుణ్యానికి వస్తారని చూస్తున్న క్లబ్బులకి ఉన్నట్టుండి పోటీ కనిపించింది. డిఫెండర్ మా ఊరికంటే చలెక్కువ ఊరికి వెళ్ళాడు. మిడ్‌ఫీల్డర్ సముద్రం పక్క ఊరికి వెళ్ళాడు. జీతాలు సగం దారి దిగాయి. మిగతా సగం దారి ఒక్క స్ట్రైకర్. అతను కదిలితేనే నిషేధం పోతుంది, లేకపోతే చేసిందంతా వృథా.

అతన్ని తీసుకోవడానికి ఒక క్లబ్బు ముందుకొచ్చింది. జీతంలో పెద్ద వాటా ఇస్తామంది. స్ట్రైకరే కదలలేదు. మా మెయిల్స్‌కి జవాబు లేదు. గడువు చివరి రోజు పొద్దున ఆమె నేరుగా అతనికి ఫోన్ చేసింది. అక్కడ రాత్రి పదకొండుకి కిటికీ మూస్తారు, అంటే మనకి సాయంత్రం ఆరు. ఆమె బేరం మొదలుపెట్టలేదు. బెంచ్ మీది కుర్రాళ్ళని అడిగినట్టే అడిగింది: “తిన్నవా? ఇంట్ల అందరు మంచిగున్నరా? నీకేం కావాలె చెప్పు.”

అతను చెప్పాడు. కూతుర్ని ఈత క్లాసు నుంచి తీసుకురావడానికి వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడట. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు ఫోన్లు చూసి, అతన్ని చూసి, మొహాలు తిప్పుకున్నారట. అతన్ని తీసేసిన వార్త అతనికంటే ముందు వాళ్ళకి తెలిసింది. ఆ తరవాత మా దగ్గర్నుంచి ఒక్క మనిషి కూడా ఫోన్ చేయలేదు. డబ్బు అక్కర్లేదన్నాడు. ఆ మెయిల్ రాసినవాడు ఫోన్ చేసి, తన నోటితో ‘తప్పయింది’ అంటే సంతకం పెడతాడు.

జీఎం గదికి వెళ్ళాం.

“చెప్పను,” అన్నాడు. “ఈ వ్యాపారంలో అది మామూలే. నన్నూ అలాగే తీసేశారు. నాకెవడు సారీ చెప్పాడు?”

పెద్దాయన విమానంలో ఎక్కడో ఉన్నాడు, ఫోన్ కలవదు. మధ్యాహ్నం రెండయింది. మూడయింది. కాన్ఫరెన్స్ రూమ్‌లో ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

“అన్నా, జీఎం లెక్క నువ్వు మాట్లాడు.”

“ఏంటీ?”

“మనోళ్ళు ఒకరి బదులు ఇంకొకరు ఇంటర్వ్యూలే ఇస్తరు. సారీ చెప్పనీకి ఏమాయె? గొంతు కొంచెం పెద్దగ చెయ్.”

నేను వద్దని ఉండాల్సింది. వద్దనలేదు. గొంతు సవరించుకుని, ఛాతీ నింపుకుని, ఒంగోలు గిత్త అమెరికన్ ఇంగ్లీషు మాట్లాడితే ఎలా ఉంటుందో అలా రెండు వాక్యాలు ప్రాక్టీస్ చేశాను. “హలో సన్, దిస్ ఈజ్ యువర్ జీఎం...”

“నేను అలా మాట్లాడతానా?”

తలుపు నిండా జీఎం. ఆయన మొహం ముందు ఎర్రబడింది, తరవాత వణికింది, తరవాత కిటికీ అద్దాలు గలగలలాడేలా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. అలా తుడుచుకుంటూ ఎక్కడో ఆగిపోయాడు. “ఫోన్ ఇటివ్వు,” అన్నాడు.

స్ట్రైకర్‌కి స్పీకర్ మీదే కలిపాడు. ఆయన కూర్చోనూ లేదు.

“మెయిల్ రాసింది నేనే,” అన్నాడు. “నన్ను తీసేసిన రోజు నా లాకర్‌లో సామానంతా ఒక చెత్త సంచీలో వేసి గేటు దగ్గర పెట్టారు. మా నాన్న నన్ను కారులో తీసుకెళ్ళడానికి వచ్చి, ముందు ఆ సంచీనే చూశాడు. ఆ సంచీ ఇప్పటికీ నాకు కనిపిస్తూ ఉంటుంది. నీకు నేను అదే సంచీ పంపాను. తప్పు చేశాను. నన్ను క్షమించు.”

అవతల ఒక చిన్నపిల్ల గొంతు ఏదో అడగడం వినిపించింది. స్ట్రైకర్ ఆమెకి ఏదో చెప్పి, మళ్ళీ మాతో అన్నాడు: “కాగితాలు పంపండి.”

ఆ తరవాత అంతా పరుగే. కాగితాలు పోయాయి, సంతకాలు వచ్చాయి, అవతలి క్లబ్బు సంతకమూ వచ్చింది. మొత్తం లీగ్ ఆఫీసుకి పంపి అందరం ఒకే స్క్రీన్ ముందు గుమిగూడాం. అయిదు దాటాక మెయిల్ వచ్చింది. నిషేధం తీసేశారు. ఇక కుర్రాడి సంతకం ఒక్కటే.

కోచ్‌కి వీడియో కాల్ చేశాం. “కుర్రాడేడీ?”

“ఇంతసేపూ ఇక్కడే కూర్చున్నాడు,” అన్నాడు కోచ్, మొహం పాలిపోయి. “ఇక కాదులే అని లేచి వెళ్ళిపోయాడు. ఫోన్ ఎత్తడం లేదు.”

కుర్రాడి భార్యకి చేస్తే బిడ్డకి పాలడబ్బా కొనడానికి సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాడంది. కోచ్ అరవై దాటిన మనిషి. ఫోన్ చేత్తో పట్టుకునే పరిగెత్తాడు. మాకు స్క్రీన్ మీద కోచ్ బూట్లు, వాన, వీధి దీపాలు, మళ్ళీ బూట్లు కనిపించాయి. తరవాత బిస్కెట్ల వరస, సబ్బుల వరస, డబ్బాల వరస. ఆ వరస చివర, అందరికంటే ఒక తల ఎత్తుగా, రెండు పాలడబ్బాలు పట్టుకుని ధరలు పోల్చి చూస్తున్నాడు మా గోల్‌కీపర్.

“సంతకం పెట్టించు సార్!” అని చెల్లెమ్మ తెలుగులో అరిచింది. కోచ్‌కి అర్థమైంది. బిల్లు కౌంటర్ మీద, ఫోన్ మీద వేలితో, క్యూలో ఉన్న ముసలమ్మ సాక్షిగా ఆ కుర్రాడు సంతకం పెట్టాడు. పంపాను. గడియారం వైపు చూడలేదు. చూసి ఉంటే నేను ఉద్యోగం అప్పుడే మానేసేవాణ్ణి. ‘నమోదైంది’ అని జవాబొచ్చాక జీఎం నన్ను నడుం దగ్గర పట్టుకుని లేపాడు. నా తల సీలింగు పలక ఒకదాన్ని కదిలించింది. ఆ పలక ఇప్పటికీ వంకరగానే ఉందని విన్నాను.

తరవాతి శనివారం పొద్దున కాన్ఫరెన్స్ రూమ్‌లో అందరం కూర్చున్నాం. అక్కడి మూడు గంటల మ్యాచ్ మనకి పదికి. పెద్దాయన డోనట్లు తెచ్చాడు, చెల్లెమ్మ పెద్ద గిన్నెడు ఉప్మా తెచ్చింది. జీఎం మొదట అనుమానంగా చూసి, తరవాత గిన్నె తన వైపు జరుపుకున్నాడు. క్లబ్బులో టీ మళ్ళీ మొదలైంది. ప్రేక్షకుల చేతుల్లో కప్పులు చూపిస్తున్నారు. రెండో సగంలో మావాళ్ళు ఒక గోల్ కొట్టారు. సీజన్‌లో మొదటిసారి మేము ముందున్నాం. ఇంక నిమిషాలే మిగిలాయనగా అవతలివాళ్ళకి పెనాల్టీ ఇచ్చారు.

పెద్దాయన చేతిలో డోనట్ నలిగిపోతోంది. అవతలివాడు పరిగెత్తుకొచ్చి కుడి మూలకి కొట్టాడు. కుర్రాడు గాల్లోకి లేచాడు. అంత పొడుగు మనిషి అంత అడ్డంగా లేవగా నేనెప్పుడూ చూడలేదు. వేళ్ళ చివరలు బంతికి తగిలాయి, బంతి స్తంభానికి తగిలి బయటికి పోయింది. మోకాళ్ళ మాస్టారు మైదానం పక్కన ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా గంతులేయడం కెమెరాలో కనిపించింది.

గదిలో ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో చెప్పలేను. నా చొక్కా మీద ఉప్మా ఉంది, అది మాత్రం నిజం. ఆ గోలంతా కాస్త తగ్గాక పెద్దాయన స్క్రీన్ మీది పొడుగు మనిషిని వేలుతో చూపిస్తూ అడిగాడు.

“ఎవరా కుర్రాడు?”

ఎవరు రాకపోతే క్లబ్బే అమ్మేస్తానన్నాడో, ఆ గోల్‌కీపర్ ఇతనేనని ఆయనకి తెలీదు. ఆ ఆట నా రక్తంలో లేదన్న సంగతి ఆ క్షణం నాకూ గుర్తులేదు.

“మనోడే సార్,” అంది చెల్లెమ్మ.